మీ ఊరి నీళ్ల పరీక్ష పెట్టె ఎక్కడుంది?

సంపాదకులకు నమస్కారం.

నేను నల్లగొండ జిల్లా మునుగోడు వైపు ఒక చిన్న ఊళ్లో బట్టలు కుట్టుకుని బతికే మనిషిని. పదో తరగతి దాకా చదివాను. పేపరుకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి.

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున మా వీధి నల్లా నీళ్లు పరీక్ష గొట్టంలో పట్టి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు తిరిగింది. అంతకు ముందు వారం గులాబీ రంగే ఉంది. గులాబీ రంగు ఉంటే నీళ్లలో ఫ్లోరైడ్ తక్కువున్నట్టు, పసుపుకు తిరిగేకొద్దీ ఎక్కువున్నట్టు. అది ఎక్కువైతే పళ్లు, ఎముకలు పాడవుతాయి. నాకు గుండె దడ పట్టుకుంది. గొట్టం సరిగా కడగలేదేమోనని మళ్లీ కడిగాను. నల్లా రెండు నిమిషాలు వదిలిపెట్టి మళ్లీ పట్టాను. మళ్లీ పసుపే.

సంగతేమిటంటే, రెండు రోజుల ముందు పెద్ద పైపు ఎక్కడో పగిలి కృష్ణా నీళ్లు రాలేదు. నీళ్లు రాకపోతే జనం ఊరుకోరు గదా. పాత బోరు మోటారు వేసి అదే ట్యాంకు నింపారు. అదే నల్లా, అదే టైము, బిందె నిండింది. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, తాగితే తెలిసేది కాదు. అందుకే ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

ఆ పొద్దున నేను కుట్టుమిషన్ మీద కూర్చోలేదు. ముందు అంగన్‌వాడీకి పోయి టీచర్‌కు చెప్పాను. అక్కడినుంచి బడికి పోతే వంట చేసే వదిన అప్పుడే పప్పు కడుగుతోంది. "వదినా, ఈ నీళ్లతో వండకు. బోరు నీళ్లు కలిశాయి" అన్నాను. ఆమె నా మొహం చూసి ఇంకో మాట అడగకుండా గిన్నె వంచేసింది. ఆమె మోకాళ్లు కూడా పట్టేసినవే, ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. తర్వాత పంచాయతీ గోడ మీద చాక్‌పీసుతో పెద్ద అక్షరాల్లో రాశాను: "ఈ రోజు నల్లా నీళ్లు బోరువి. తాగొద్దు, వండొద్దు. బట్టలకు, బోళ్లకు వాడుకోండి." మధ్యాహ్నానికి తాగేటందుకు పక్కూరి నుంచి ఆటోలో క్యాన్లు వచ్చాయి.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఆగస్టు పదిహేనుకు మీ పేపర్లో "దేశానికి మనం ఏం చేస్తున్నాం" అని పాఠకుల ఉత్తరాలు వేశారు. అన్నీ చదివాను. కొడుకును మిలిటరీకి పంపిన తల్లి రాసింది, మొక్కలు పెంచుతున్న పెద్దాయన రాశారు. చదువుతుంటే సంతోషమైంది. ఒకాయన మాత్రం "మనలాంటి మామూలు జనం చేతిలో ఏముంది, ఓటు వేయడం తప్ప" అని రాశారు. ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. మా నాయిన కూడా మామూలు మనిషే. ఓటు వేయడం ఒక్కటే కాదు, ఆయన ఒకసారి ఓటుకు నిలబడ్డాడు కూడా.

మా నాయిన మెడ తిరిగేది కాదు. పక్కనుంచి ఎవరన్నా పిలిస్తే మనిషి మొత్తం తిరగాల్సిందే. నలభై ఏళ్లకే నడుం వంగింది. పొద్దున మంచం మీంచి లేవడానికి దూలానికి ఒక తాడు కట్టుకున్నాడు. రెండు చేతులతో దాన్ని పట్టుకుని, పళ్లు బిగబట్టి, మెల్లగా లేచేవాడు. ఆ తాడు ఇప్పటికీ మా పాతింట్లో వేలాడుతూనే ఉంది. ఆయన చేతులు పడ్డ చోట నల్లగా, నున్నగా అయింది. మిగతా తాడంతా పీచు లేచింది. అమ్మ దాన్ని విప్పనివ్వదు.

జెండా పండుగ నాడు బడి దగ్గర అందరం తలెత్తి జెండా చూసేవాళ్లం. ఆయనకు తల లేచేది కాదు. జెండా కట్టె మొదలు వైపు చూస్తూనే చెయ్యెత్తి మొక్కేవాడు.

1996 లోక్‌సభ ఎన్నికలప్పుడు, మా జిల్లా నీళ్ల కోసం కొట్లాడే జల సాధన సమితి వాళ్లు ఊరూరా తిరిగారు. దుశ్చర్ల సత్యనారాయణ గారు ముందుండి నడిపించిన పని అది. కృష్ణానది మా జిల్లా అంచునే పారుతుంది. నాగార్జునసాగర్ కాలువలకు 1967లోనే నీళ్లు వదిలారు. కిందివైపు ఊళ్లు పచ్చబడ్డాయి, మంచిదే. మా మిట్ట ఊళ్లకు మాత్రం చుక్క ఎక్కలేదు. మేము తాగింది బోరింగు నీళ్లు. ఇక్కడి రాయిలోనే ఫ్లోరైడ్ ఉంది. వానలు తక్కువై బోరు లోతుకు దించేకొద్దీ ఆ నీళ్లలో అది పెరుగుతూ పోయింది. ఎన్ని అర్జీలు పెట్టినా ఎవరికీ పట్టలేదు. అందుకని అందరం నామినేషన్లు వేద్దాం, మా బాధ ఢిల్లీకి వినిపించేదాకా వేద్దాం అన్నారు.

అప్పుడు డిపాజిట్ ఐదు వందలు. మా ఇంట్లో ఐదు వందలు ఒక్క దగ్గర ఎప్పుడూ లేవు. నాయిన ఒక మేకను అమ్మాడు. పక్కింటి చిన్నాయిన బలపరుస్తూ సంతకం పెట్టాడు. ఎండలు ముదురుతున్న రోజులు. ఇద్దరూ బస్సెక్కి నల్లగొండ పోయారు. బస్సు మెట్టు ఎక్కలేకపోతే కండక్టర్ చంకల కింద చేతులు పెట్టి ఎత్తాడని చిన్నాయిన తర్వాత చెప్పాడు. పోయే ముందు నేను అడిగాను, "నాయినా, గెలుస్తావా?" అని. "గెలవనీకి పోతలేను బిడ్డా. కాగితం మీద నా పేరుంటే, ఈయనెవరని ఒక్కడన్నా అడుగుతడు గదా" అన్నాడు.

480 మంది నిలబడ్డారు. బ్యాలెట్ పేపర్ చాలక పుస్తకంలా అచ్చు వేయాల్సి వచ్చింది. దేశమంతా నల్లగొండ పేరు చెప్పుకుంది. గెలిచింది బొమ్మగాని ధర్మభిక్షం గారు. మా నాయిన డిపాజిట్ పోయింది, ఆయనలాంటి వందల మందిది పోయింది. ఆ ఏడాదే చట్టం మార్చి లోక్‌సభకు డిపాజిట్ పది వేలు చేశారు, పార్టీ లేని వాళ్లకు పది మంది బలపరచాలన్నారు. ఇంక మా నాయినలాంటి వాళ్లు అట్లా నిలబడటం కష్టం. వాళ్లు ఆ తలుపు మూసుకోకముందే పోయి తట్టి వచ్చారు.

నీళ్లు వెంటనే రాలేదు. ఏళ్లు పట్టింది. ఎంతోమంది తిరిగారు, అడిగారు, ధర్నాలు చేశారు. శివన్నగూడెం అంశల స్వామి గారు నడవలేని మనిషి. తన ఒంటినే సాక్ష్యంగా పెట్టి జీవితమంతా ఈ నీళ్ల కోసమే కొట్లాడారు, 2023లో పోయారు. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన మిషన్ భగీరథ పైపు మా వీధిదాకా వచ్చింది. మొదటి రోజు అమ్మ ఆ నల్లాకు పసుపు కుంకుమ పెట్టింది. నాయిన అప్పటికే లేడు.

నా పళ్లు గార పట్టినవి. పసుపు, గోధుమ రంగు చారలు అడ్డంగా ఉంటాయి. ఎంత తోమినా పోవు, ఎందుకంటే అది పైన పట్టిన మురికి కాదు. పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే పడిన మచ్చ అది. పుట్టినప్పటినుంచి ఎనిమిదేళ్ల దాకా తాగిన నీళ్లు జీవితాంతం నోట్లో కనబడుతూనే ఉంటాయి. పెళ్లి ఫొటోల్లో ఒక్కదానిలోనూ నేను నవ్వలేదు. ఈ రోజుకీ ఎవరన్నా నవ్విస్తే చెయ్యి దానంతట అదే నోటి మీదకు పోతుంది.

మా మనవరాలికి ఐదేళ్లు. వచ్చే ఏడు పాలపళ్లు ఊడటం మొదలవుతుంది. దాని అసలు పళ్లు ఇప్పుడు, ఈ రోజుల్లో, చిగురు లోపల తయారవుతున్నాయి. అది రోజూ తాగే గ్లాసు నీళ్లు ఏ నీళ్లో నాకు తెలియాలి. మీరే చెప్పండి, తెలియాలా వద్దా?

ఇక పెట్టె సంగతి. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ 2019 ఆగస్టు 15న మొదలైంది. అందులో ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీళ్ల పరీక్ష నేర్పించాలని ఉంది. మా సంఘం నుంచి ఐదుగురం పోయాం. ఒక్క రోజు ట్రైనింగ్. చిన్న పెట్టె ఇచ్చారు. లోపల గాజు గొట్టాలు, మందు సీసాలు, రంగుల కార్డు. ఫొటో దిగాం, భోజనం పెట్టారు, ఇళ్లకు వచ్చాం. తర్వాత ఏడాదిన్నర దాకా ఆ పెట్టెను ఎవరూ తెరవలేదు. నేను కూడా తెరవలేదు. ఆ ఏడాదిన్నర గుర్తొస్తే ఇప్పటికీ బాధనిపిస్తుంది.

ఒకరోజు పంచాయతీ ఆఫీసుకు వేరే పని మీద పోతే, బీరువా కింద బ్లీచింగ్ పౌడర్ సంచి వెనక అది కనబడింది. మూత మీద దుమ్ము. తీసి చూస్తే ఫ్లోరైడ్ మందు సీసా తేదీ దాటిపోయింది. కొత్త మందు కోసం మండలానికి మూడుసార్లు పోయాను. మొదటిసారి సార్ లేరన్నారు. రెండోసారి స్టాక్ లేదన్నారు. మూడోసారి ఒక చిన్న ఉద్యోగి, మా బిడ్డంత పిల్ల, "అక్కా, నువ్వు రోజూ పని మానుకుని రాకు. వచ్చినప్పుడు నేనే ఫోన్ చేస్తా" అని నా నంబర్ రాసుకుంది. చేసింది కూడా. ఆ పిల్లకు నేను రుణపడి ఉన్నాను.

ఐదుగురిలో ఒకామె హైదరాబాద్ పనికి పోయింది, ఇద్దరికి ఇంటి పనితో తీరదు. ఇప్పుడు నేనూ, మా వీధి చివర ఉండే చెల్లె ఒకామే చేస్తున్నాం. ప్రతి మంగళవారం పొద్దున ఆరింటికి, నీళ్లు వదిలే టైముకు. కష్టమైన పనేం కాదు. నల్లా కాసేపు వదలాలి. గొట్టాన్ని అవే నీళ్లతో మూడుసార్లు తొలవాలి. గీత దాకా పట్టి, చెప్పినన్ని చుక్కలు వేసి, ఊపి, కాసేపు ఆగాలి. తర్వాత వెలుతురులో, వెనక తెల్ల కాగితం పెట్టి కార్డులోని రంగుతో పోల్చాలి. నేను జాకెట్టు గుడ్డకు దారం పోల్చి ఎంచినట్టే చూస్తాను. ఆ పని ముప్పై ఏళ్ల నుంచి చేస్తున్నాను, రంగులో పిసరంత తేడా ఉన్నా నా కన్ను పట్టేస్తుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, ఎంత తప్పనిసరైనా ఒకటిన్నర దాటకూడదని మాకు నేర్పించారు. మా పరీక్షే చివరి మాట కాదు. అనుమానం వస్తే బాటిల్‌లో పట్టి ల్యాబ్‌కు పంపాలి. కానీ అనుమానం రావాలంటే ముందు ఎవరో ఒకరు చూడాలి గదా.

మంగళవారం గోడ మీద రాసిన దానికి నాకు మాటలు పడ్డాయి. పంచాయతీ వాళ్లలో ఒకాయన ఇంటి ముందుకొచ్చి "ఊరి పరువు తీస్తున్నావు, జనానికి టెన్షన్ పెడుతున్నావు, ఎవరు రాయమన్నారు నిన్ను" అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు, పైపు పగలడం ఆయన తప్పూ కాదు. మా ఆయన లోపలికి రమ్మని సైగ చేశాడు. నేను పోలేదు. "అన్నా, బోరు వేయొద్దని నేను అనలేదు. వేసిన రోజు వేశామని చెప్పండి అంటున్నా. చెప్తే మేము తాగేటందుకు వేరే నీళ్లు చూసుకుంటాం" అన్నాను. చేతులు వణికాయి, కానీ మాట వణకలేదు.

తర్వాత గ్రామసభ పెట్టినప్పుడు ఆ సంగతే లేవనెత్తాను. అంతకు ముందు నేను గ్రామసభకు పోయినా వెనక కూర్చుని వచ్చేదాన్ని. ఆ రోజు సంఘం ఆడవాళ్లం పన్నెండు మందిమి ముందు వరుసలో కూర్చున్నాం. వంట వదిన లేచి నిలబడి, "నా మోకాళ్లు చూడండి సారూ" అని ఒక్క మాట అంది. ఇంక ఎవరూ ఎదురు మాట్లాడలేదు. ఇప్పుడు బోరు నీళ్లు కలిపిన రోజు చెత్త ట్రాక్టర్ మైకులో చెప్తున్నారు. గోడ మీద ఒక పలక కట్టారు. దాని మీద తేదీ, రంగు, ఏ నీళ్లు అన్నది రాస్తాం. వాటర్‌మన్ తమ్ముడు మోటారు వేసే ముందు నాకో, చెల్లెకో ఫోన్ కొడతాడు. అతను చలికాలమైనా వానాకాలమైనా తెల్లారకముందే లేచి టార్చి పట్టుకుని వాల్వు తిప్పడానికి పోతాడు. ఊరంతా నిద్ర లేచేసరికి నల్లాలో నీళ్లుంటాయి. అతనికి ఏ జెండా పండుగకూ ఎవరూ శాలువా కప్పింది నేను చూడలేదు. వచ్చే జనవరికి మా సంఘం తరఫున కప్పుతాం.

ఇంకో సంగతి కూడా రాయాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్లలో కూడా ఈ పొరపాటు చూశాను. కాచి చల్లార్చితే ఫ్లోరైడ్ పోతుందనుకుంటారు. పోదు. క్రిములు చస్తాయి, అంతే. ఆవిరిగా నీళ్లు తగ్గి ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. పైన తేరుకున్న నీళ్లు వంచుకున్నా పోదు. పటిక, సున్నం లెక్కప్రకారం కలిపి తేర్చే పద్ధతి ఒకటుంది. దాన్ని నాగపూర్‌లోని నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు కనిపెట్టారు, ప్రపంచమంతా దాన్ని "నల్లగొండ టెక్నిక్" అనే అంటారు. ఆఫ్రికా దేశాల్లో కూడా మా జిల్లా పేరుతో నీళ్లు తేర్చారట. వినడానికి గొప్పగానే ఉంటుంది, కానీ ఆ పేరు మా వాళ్ల నడుముల మీదుగా వచ్చింది. చింతపండు తింటే ఒంట్లోని ఫ్లోరైడ్ కొంత మూత్రంలో బయటికి పోతుందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు తేల్చారు. అందుకే బడిలో చారు పెట్టే రోజు పిల్లలకు ఇంకో గరిటె వేయమని వదినకు చెప్తుంటాను. కానీ చారుతో వంగిన ఎముక నిలబడదు. ఒకసారి వంగితే ఇక అంతే, దానికి మందు లేదు. ముందే ఆపుకోవాలి.

దారాలు, లైనింగ్ గుడ్డ కొనడానికి నెలకోసారి నల్లగొండ పోతాను. 2021 జనవరి 23 నుంచి అక్కడ రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు కూడళ్లలో మైకులో జనగణమన వేస్తున్నారు. ఆటోలు, బండ్లు, కూరగాయల తోపుడుబండి వాళ్లు, అందరూ ఎక్కడివాళ్లక్కడ నిలబడతారు. నేనూ సంచీ కింద పెట్టి నిలబడతాను. నాకు ఆ నిమిషం చాలా ఇష్టం. అట్లా నిలబడ్డప్పుడు నా మెడ తిరుగుతుంది, నా తల లేస్తుంది అన్నది గుర్తొస్తుంది. నాయినకు లేవని తల నాకు లేస్తోందంటే, ఎవరో ఏదో చేశారు. ఆయన ఒక మేకను అమ్మాడు. ఇప్పుడు నా వంతు వారానికి అరగంట.

సంపాదక గారూ, నాదొక్కటే మనవి. ఈ పెట్టె మా ఊరికి ఒక్కదానికే ఇచ్చింది కాదు. మీ పాఠకుల ఊళ్లలో కూడా ఐదుగురు ఆడవాళ్లు ఈ ట్రైనింగ్‌కు పోయి ఉంటారు. వాళ్లు ఎవరో అడగండి. పెట్టె ఎక్కడుందో అడగండి. ఏ బీరువా కిందో, ఏ అలమారలోనో ఉంటుంది. మందు సీసా మీద తేదీ చూడండి. తేదీ దాటితే కొత్తది అడగండి, మూడుసార్లు పోవాల్సొస్తే మూడుసార్లు పోండి. ముఖ్యంగా పైపు పగిలిన రోజు, మోటారు కాలిన రోజు, మీ ట్యాంకులోకి ఏ నీళ్లు పోతున్నాయో కనుక్కోండి. చదువుకున్న పిల్లలు సెలవులకు ఊరికి వచ్చినప్పుడు ఆ ఆడవాళ్లకు తోడుగా నిలబడి, రాసిన లెక్క ఫోన్‌లోకి ఎక్కించడం నేర్పండి. అది మాకు సరిగా రావడం లేదు, మా చెల్లె కొడుకు దసరాకు వస్తే నేర్పిస్తానన్నాడు.

పోయిన మంగళవారం కృష్ణా నీళ్లే వచ్చాయి. గొట్టంలో రంగు గులాబీ. పలక మీద మనవరాలే రాసింది, దానికి ఇంకా "గు" కింద కొమ్ము సరిగా రాదు. పక్కన నేను తేదీ వేశాను.

ఇట్లు,
ఒక కుట్టుపని మహిళ,
మునుగోడు ప్రాంతం, నల్లగొండ జిల్లా